మొర్రిగుట్ట అడవికడుపు మల్లన్న

భక్తులారా, మొర్రిగుట్టకు నాలుగు దారులున్నాయి. నాలుగూ ఎత్తే. ఎనగంటిపల్లె దగ్గర బస్సు దిగి తూర్పు ముఖంగా నడిస్తే మూడు వందల మెట్లు ఎదురవుతాయి. మూడు వందలని కట్టించినవాళ్లు చెప్పిన లెక్క. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కితే అవి మూడు వేలవుతాయి, ఈ విషయం అనుభవం మీద రాస్తున్నది. వైశాఖ మాసంలో ఇక్కడి ఎండ లోకప్రసిద్ధం. మొదటి మెట్టు మీద చెంబెడు నీళ్లు చల్లితే అవి రాయిని తాకకముందే ఆవిరై, మబ్బై, పక్క ఊరి మీద వానగా కురుస్తాయి. అందుకే ఆ ఊరి వాళ్లు మన జాతరకు నడి వేసవిలో కూడా గొడుగులు వేసుకుని వస్తారు.

అయితే మెట్లెక్కడం మొదలుపెట్టిన తరువాత ఎండ మిమ్మల్ని తాకదు. రెండు వైపులా మొర్రి చెట్లే. మొసలి వీపులాంటి బెరడు, అరచేతికన్నా పెద్ద దళసరి ఆకులు, కొమ్మకొమ్మకూ నల్లని పండ్ల గుత్తులు. పండు శనగగింజకన్నా కాస్త పెద్దది, అంతే. కాని దాన్ని నాలుక మీద పెట్టుకున్న అల్లుడు అత్తగారితో పదేళ్ల తగవు మరిచిపోతాడు. పండు లోపలి గింజకు రాతిలాంటి పెంకు ఉంటుంది. ఆ పెంకు పగలగొడితే వచ్చేదే సారపప్పు. మిఠాయిల మీద చల్లే ఆ పప్పును తిననివారు ఉండరు, అది ఏ చెట్టుదో అడిగినవారు మాత్రం తక్కువ. ఈ గుట్ట మీది మొర్రి చెట్లను లెక్కపెడతానని ఒక పెద్దమనిషి బయలుదేరాడు. సగం గుట్ట ఎక్కేసరికి ఊళ్లో ఉన్న ఆయన కూతురికి మనవలు పుట్టారు. ఆయన లెక్క ఇంకా పూర్తి కాలేదు.

గుట్ట మీద గర్భగుడిలో స్వామి మోకాలెత్తు నల్లరాయి. ఆ రాతికి ముందువైపు గుండ్రంగా పెద్ద కడుపు ఉంటుంది. స్వామిని అడవికడుపు మల్లన్న అంటారు. గుడి ముందు ఒక రాతి ఎలుగుబంటి ఉంది. తక్కిన గుళ్లలో వాహనాలన్నీ దేవుడి వైపు చూస్తాయి, ఇది మాత్రం దేవుడికి వీపు పెట్టి గుట్ట వైపు చూస్తుంది. ఇక ప్రసాదం పాయసం. పాలు, బియ్యం, బెల్లం, అంతే. సారపప్పు అడవి నడుమ కూర్చున్న దేవుడికి సారపప్పు లేని పాయసమా అని కొత్తగా వచ్చిన ప్రతి భక్తుడూ అడుగుతాడు. అడగాలి కూడా. అడిగినవారికి చెప్పవలసినది ఇదీ.

పూర్వం ఇక్కడ మెట్లు లేవు, గుడి లేదు. మొర్రి అడవి ఒక్కటే ఉండేది. అది ఎంత చిక్కనిదంటే, గుట్టకు ఇవతల పుట్టిన కోతి ఒక్కసారి కూడా నేల తొక్కకుండా గుట్టకు అవతల ముసలిదయ్యేది. ఆ అడవిలోకి గొల్లలు మందలు తోలుకుని వచ్చారు. ఒకనాడు ఒక పొట్టేలు మొర్రి చెట్టు కింద నిలబడి, రాలిన పండ్ల రసం అంటిన నల్లరాతిని నాకుతూ అక్కడి నుంచి కదలలేదు. ఏడుగురు మగవాళ్లు పట్టి లాగితే తోక మూరెడు సాగింది గాని పొట్టేలు జరగలేదు. ఆకులు తొలగించి చూడగా రాతి మీద పసుపు మెరిసింది. మల్లన్న వెలిశాడని తెలిసి గొల్లలందరూ సాగిలపడ్డారు.

వచ్చిన దేవుడికి ఏమి పెట్టాలి? మందలో పాలున్నాయి, చెట్టు కింద గింజలున్నాయి. ఒక ఇల్లాలు ఆ గింజలను రాతి మీద పగలగొట్టి, పప్పు తీసి, పాలలో ఉడికించి పాయసం చేసి పెట్టింది. ఆ యేడు ప్రతి గొర్రె కవలలను ఈనింది. కొన్ని పొట్టేళ్లు కూడా ఈనబోయి, నలుగురూ నవ్వుతారని మానుకున్నాయి. మల్లన్నకు మన పాయసం నచ్చిందని ఊరు నిశ్చయించుకుంది.

ఇక్కడే మనుషులు ఒక పొరపాటు చేశారు. చెడ్డబుద్ధితో చేసింది కాదు, భక్తితో చేసింది. అందుకే దాన్ని కనిపెట్టడానికి ఎన్నో తరాలు పట్టింది.

పండు మనది, గింజ మల్లన్నది అని ఊరు కట్టుబాటు చేసుకుంది. పండు తిన్నవారు గింజను ఉమ్మరాదు, కడిగి, ఎండబెట్టి పాయసం వండే ఇంటికి తెచ్చి ఇవ్వాలి. మొదట చిన్న కుండలో వండిన పాయసం కొన్నాళ్లకు పెద్ద కుండకు వచ్చింది, తరువాత గంగాళానికి వచ్చింది. మనవడి తరం తాత తరానికి తీసిపోతుందా? చివరికి పాయసం కలియబెట్టడానికి పడవ తెడ్డు తెప్పించారట. అంత పాయసానికి గింజలు చాలాలంటే పండు ఒక్కటి కూడా వృథా కారాదు. పిట్టలు తింటే వృథా. కొండముచ్చులు తింటే వృథా. గొల్లలు గుడ్డెలుగు అనే ఎలుగుబంటి తింటే మరీ వృథా, అది ఒక్క పూటలో చెట్టుకు చెట్టే ఊడ్చేస్తుంది. అందుచేత చెట్ల చుట్టూ ముళ్లకంచెలు లేచాయి. ఒడిసెల రాళ్లకు భయపడి పిగిలిపిట్టలు గుట్టనే మరిచిపోయాయి. డప్పుల మోతకు ఎలుగుబంట్లు కనుచూపు దాటి వెళ్లిపోయాయి.

చెట్టు మనిషి కాదు, ఒక్కరోజులో చెప్పి పోదు. ఒక యేడు ఇక్కడొకటి, మరొక యేడు అక్కడొకటి ఎండింది. ఎండిన చెట్టు పక్కన పిల్లచెట్టు లేదు. వేళ్ల పట్టు తప్పిన గుట్ట వానకు జారింది. జారిన మట్టి లోయలో ఊటను పూడ్చింది. గొర్రెలకు నీడ లేదు, నీళ్లు లేవు. మల్లన్నకు కోపం వచ్చిందన్నారు. కోపం ఎందుకు వచ్చింది? పాయసం చాలలేదని. మరుసటి యేడు ఇంకాస్త ఎక్కువ వండారు.

అలా వండగా వండగా గుట్ట మీద ఒక్క మొర్రి చెట్టు మిగిలింది. అది స్వామి నెత్తిన నీడ పట్టిన చెట్టు. ముసలిది, మొదలు తొర్రపోయింది. అయినా ఆ యేడు విరగకాసింది. వయసు మళ్లిన చెట్టు అలా కాస్తే అది దాని ఆఖరి కాపని గొల్లలకు తెలుసు.

ఆ కాలంలో పాయసం ఇంటి కోడలు కొంరవ్వ. వండే హక్కు ఆ ఇంటిది. గింజ తగ్గితే, పాయసం చెడితే ఆ ఇంటిని వెలివేయడం ఊరి హక్కు. కొంరవ్వకు భర్త లేడు, పిల్లలు లేరు, అత్త సాయవ్వ మాత్రం ఉంది. సాయవ్వ నోరు ఎటువంటిదంటే, ఆమె ఒకసారి తిట్టిన కుక్క ఊరు మారి, పేరు మార్చుకుని బతికింది.

జాతర ఇక తొమ్మిది రోజులుంది. మిట్టమధ్యాహ్నం ఒడిసెల ఒళ్లో పెట్టుకుని పండ్లకు కాపలా కూర్చున్న కొంరవ్వకు చెట్టు మొదట్లోనే కునుకు పట్టింది. కలలో మల్లన్న వచ్చాడు. గుర్రమెక్కి రాలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, నెలలు నిండిన ఆడమనిషిలా ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ వచ్చాడు.

"కొంరవ్వా, నా కడుపుల అడివున్నదే," అన్నాడు. "మీ తాతల సంది మీరు తినిపించిన అడివి. అరుగుతలేదు, మొలుస్తలేదు."

"పాయసం బాగలేదా సామీ?"

"బాగున్నది. బాగున్నదనే గదా గిట్లయిన."

"మరి నన్నేం జెయ్యమంటవ్?"

"ఈ యేడు నా వంతు గుడ్డెలుగుకు పెట్టు. నేను తింటే కడుపుల్నే ఉంటది. అది తింటే గుట్ట మీదికొస్తది."

కొంరవ్వ ఉలిక్కిపడి లేచింది. పరుగున ఇంటికి పోయి అత్తతో చెప్పింది.

"ఎండకు నీ బుర్ర పెనమైందే," అంది సాయవ్వ. "నా అత్త వండింది, దాని అత్త వండింది. గుడ్డెలుగుకు పెట్టుమన్న దేవుడు నా కలలకెందుకు రాలే?"

"వస్తె మాట్లాడనిస్తవా అత్తా నువ్వు?"

"గింజ లేకుంటె వెలేస్తరు. నిప్పియ్యరు, నీళ్లియ్యరు. ఈ వయసుల నేను ఎవరి గడప తొక్కాలె?"

కొంరవ్వ మెల్లగా అడిగింది. "అత్తా, గొర్రెపిల్లను చూసినం, రేగుపిల్లను చూసినం, తంగెడుపిల్లను చూసినం. మొర్రిపిల్లను ఎన్నడన్న చూసినవా?"

సాయవ్వ జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. కాసేపు అలాగే ఉంచింది. మూసుకుంది. ఆ నోరు మాట బయటికి రాకుండా మూతపడటం ఊరు పుట్టిన తరువాత అదే మొదటిసారి. కోట్ల గింజలు పగలగొట్టిన ఇల్లది. ఒక్క మొలకను చూసిన కన్ను ఆ ఇంట్లో లేదు.

జాతరకు మూడు రోజుల ముందు, తెల్లవారుతుండగా, కొంరవ్వ ముళ్లకంచె తొలగించి దూరంగా పారేసింది. ఒడిసెల కింద పెట్టి ఒక బండ మీద కూర్చుంది. పండిన మొర్రి వాసన గాలిలో పది ఆమడల దూరం పోతుంది. పొద్దు బారెడు ఎక్కకముందే ఎలుగుబంటి వచ్చింది. గడ్డివాములో సగముంది. కొంరవ్వను చూసింది. ఆమె కదలలేదు. అది చెట్టెక్కింది. కొమ్మలు వంచి గుత్తులు గుత్తులుగా మింగింది. కింద రాలినవి కొండముచ్చులు ఏరుకున్నాయి, పైన మిగిలినవి ఎక్కడి నుంచో వచ్చిన పిట్టలు దులిపాయి. మధ్యాహ్నానికి చెట్టు మీద ఆకులు తప్ప ఏమీ లేవు. ఎలుగుబంటి కడుపు నేలకు రాసుకుంటూ గుట్ట మీదికి వెళ్లిపోయింది. ఒక్కగానొక్క చెట్టు, ఆఖరి కాపు, మొత్తం అలా నడిచి వెళ్లిపోతుంటే చూసిన కొంరవ్వ గుండె ఎన్ని చెరువుల నీళ్లయిందో ఎవరూ చెప్పలేరు.

జాతర నాడు పాయసం మొదట రుచి చూసేది పెద్దగొల్ల ఓదెలు. ఆయన దొప్ప నోటి దగ్గర పెట్టుకున్నాడు, నాలుకతో వెతికాడు, మళ్లీ వెతికాడు.

"కొంరవ్వా, పప్పేది?"

"గుడ్డెలుగు తిన్నది మామా."

"అది తింటుంటె నువ్వేం జేస్తున్నవ్?"

"చూస్తున్న."

డప్పు ఆగిపోయింది. కొంరవ్వ కల సంగతి చెప్పింది. కొందరు నవ్వారు, కొందరు ఉమ్మారు. "సామికి వంతు తప్పించి సామి మీదనే చెప్తున్నవా?" అన్నాడు ఓదెలు. ఆయన దుర్మార్గుడు కాడు. ఆ యేడు ఆయన మందలో సగం గొర్రెలు నీళ్లు లేక చచ్చాయి. మిగిలినవి బతకాలంటే మల్లన్న దయ తప్ప ఆయనకు వేరే దారి కనపడలేదు. ఆ దారికి ఈ ఆడమనిషి అడ్డం పడిందనుకున్నాడు. మల్లన్న ఒక గురుతు చూపేదాకా పాయసం ఇంటికి నిప్పు, నీళ్లు బంద్ అని తీర్పు చెప్పాడు. గురుతు రాకపోతే వానలు వెనకపట్టగానే ఊరు ఊరంతా గుట్ట విడిచిపెట్టి పోవాలని కూడా చెప్పాడు.

"సాయవ్వా, నువ్వు ఉండొచ్చు. తప్పు నీది గాదు," అన్నారు పెద్దలు.

సాయవ్వ దుప్పటి భుజాన వేసుకుంది. "దీనికి వంట రాదు. కొండ మీద దీన్ని తిట్టెటోళ్లుండరు. నేను పోకుంటె ఇది రెండ్రోజులల్ల పాడైపోతది," అని కోడలి వెంట నడిచింది.

అత్తాకోడళ్లు స్వామి పక్కన గుడిసె వేసుకున్నారు. పది రోజులు తిరగకుండానే తొలకరి ఈదురుగాలికి మొర్రి చెట్టు కూలింది. కూలిన చప్పుడు ఊళ్లో ప్రతి ఇంటికీ వినిపించింది. ఎవరూ పైకి రాలేదు. ఇప్పుడు గుట్ట మీద మొర్రి లేదు. గింజ లేదు. కల ఒక్కటి ఉంది, అదీ ఒక్క మనిషిది.

వానలు పడ్డాయి. కొంరవ్వ పొద్దున లేస్తూనే గుట్టంతా వంగి వెతికేది. గడ్డి మొలిచింది, తంగెడు మొలిచింది, పేరు తెలియని కలుపు మొలిచింది. నెల గడిచింది. ఒకనాడు ఆమె వెతకడానికి లేవలేదు. "కల నాదే గావచ్చత్తా. దేవునిది గాదేమో," అంది గోడ వైపు తిరిగి. సాయవ్వ చినుకుల్లో బయటికి వెళ్లింది.

పెద్దావిడ ఏ పని మీద ఆ బండ చాటుకు వెళ్లిందో ఇక్కడ రాయడం మర్యాద కాదు. వెళ్లిన పని మరిచి ఆమె వేసిన కేకకు మాత్రం గుట్ట కింద మందలు బెదిరి మూడూళ్ల అవతల తేలాయి. కొంరవ్వ పరుగెత్తింది. బండ చాటున, నానిపోయిన ఎలుగుబంటి పేడలో, చిటికెనవేలంత ఎర్రని చివుళ్లు పాతికో ముప్ఫయో లేచి ఉన్నాయి. మరో బండ చాటున మరో గుంపు. పిట్టలు వాలిన రాతి నెర్రెల్లో ఒంటరివి. తూర్పు వాలు పొడుగునా ఉన్నాయి. నెల రోజులుగా కొంరవ్వ వాటి పక్కగానే నడిచింది. వాటి ముఖం తెలియదు గనుక కలుపనుకుంది.

కేక విని ఊరు పైకి వచ్చింది. ఓదెలు వంగి చూశాడు.

"ఇదేం మొక్క?"

సాయవ్వ ఒక మొలక మొదట్లో మట్టి వేలితో తొలగించి, అక్కడున్న పెంకును తీసి ఆయన అరచేతిలో పెట్టింది. మొర్రి గింజ పెంకు. అంచు చిట్లకుండా, రెండు చక్కని దోనెలుగా విడిపోయింది.

"మనం బండతోటి కొట్టి తీసిన తలుపు ఓదెలూ. లోపలున్నోళ్లు తీసుకున్నరు ఈసారి," అంది.

ఓదెలు ఆ పెంకును చాలాసేపు చూశాడు. ఆయన చేతులు ఎన్ని వేల గింజలు పగలగొట్టాయో ఆయనకు తెలుసు. అక్కడే, తడినేల మీద, కొంరవ్వ కాళ్ల ముందు తలపాగా విప్పి పెట్టాడు.

"ముండ్లకంచె కొట్టుకొస్తం," అన్నాడు లేస్తూ.

"మల్లా కంచెనా మామా? పిట్టలేం జేసినయ్? మొలక మీదికొచ్చేది మన గొర్రెల మూతే," అంది కొంరవ్వ.

నిజమే. చివురు గొర్రెకు పంచభక్ష్య పరమాన్నం. గొర్రె మూతికి అందనంత ఎత్తు మొర్రి పెరగాలంటే ఏళ్లు కావాలి. గొల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మందలు లేని గొల్ల బతుకు ఎటువంటిదో వారికి ఒకరు చెప్పనక్కరలేదు. అయినా ఆ నెలలోనే మందలన్నిటినీ తోలుకుని పరాయి ఊళ్ల బీళ్లకు వలస పోయారు, పన్నెండేళ్లు. పోతూ పోతూ పాయసం గంగాళాన్ని స్వామి ముందు బోర్లించి పోయారు. గుట్ట మీద ఆ ఇద్దరు ఆడవాళ్లే ఉన్నారు. మొదటి పండు వచ్చేనాటికి సాయవ్వ లేదు. తానుండనని ఆమెకు ముందే తెలుసు. అయినా ఆఖరి వేసవి దాకా కుండతో నీళ్లు మోసిపోసింది, ప్రతి మొక్కనూ పేరుపేరునా తిట్టింది. ఆమె తిట్టిన వరుస తక్కిన వాటికన్నా మూరెడు ఎత్తు పెరిగిందని ఇప్పటికీ చూపిస్తారు. అడవి లేచింది, మట్టి నిలిచింది, ఊట మళ్లీ కళ్లు తెరిచింది. స్వామి కడుపు మాత్రం తగ్గలేదు. జరిగింది జనం మరువకూడదని ఆయనే అలా ఉంచుకున్నాడని పెద్దలంటారు.

ఎలుగుబంటి బొమ్మను చెక్కించింది ఓదెలు కొడుకు. దాన్ని దేవుడి వైపు తిప్పబోతే శిల్పి చేతిలో ఉలి కదలలేదు. దాని పని గుడిలో లేదు, గుట్ట మీద ఉంది. నాటి నుంచి స్వామికి సారపప్పు నైవేద్యం లేదు.

ఇప్పుడు గుట్ట మీద ఎలుగుబంట్లు తక్కువ. అందుచేత వాటి పని భక్తులు పంచుకుంటున్నారు. జాతర నాడు పూజారి ప్రతి ఒక్కరికీ ఒకటే మొర్రి పండు ఇస్తాడు. గుజ్జు తిని, గింజను బుగ్గన పెట్టుకుని, గుడి ముందు బాటన గుట్ట మీదికి నడవాలి. దారిలో నోరు విప్పరాదు. గింజను మింగరాదు, కొరకరాదు, పక్కవారి చేతికి ఇవ్వరాదు. బోడిగా ఉన్న నేల కనబడినచోట వంగి, బొటనవేలితో మట్టిలో గుంట చేసి, గింజను అందులో విడిచి, మట్టి కప్పాలి. గుర్తు రాయి పెట్టుకోరాదు. మరుసటి యేడు వచ్చి నాది మొలిచిందా అని వెతకరాదు. ఈ ఆచారం తప్పకుండా పాటించిన ఇళ్లలో పశువులకు రోగం రాదనీ, పెద్దలకు దీర్ఘాయువు కలుగుతుందనీ, కోడళ్లకు అత్తల తిట్లు ఫలిస్తాయనీ పెద్దల మాట.

కోరికలున్నవారు ఒక్క సంగతి గమనించగలరు. బుగ్గన గింజ ఉన్నంతసేపు స్వామిని ఏమీ అడగడానికి వీలుండదు. గింజను మట్టిలో పెట్టి, నడుం నిలిపి, చేతులు దులుపుకున్న తరువాత అడగవచ్చు. ఏమి అడగాలని వచ్చారో ఆ వేళకు చాలామందికి గుర్తుండదు. ఊరికే నిలబడి, చెట్ల గాలి పీల్చుకుని దిగిపోతారు.